ఆనప విత్తనం కోసం యానాం దాకా

మా మదనపల్లె వైపు అనపకాయలంటే చిక్కుడు జాతి కాయలు. వాటి గింజలు నానబెట్టి, పొట్టు పితికి పప్పు చేసుకుంటాం. గోదావరి జిల్లాల్లో ఆనపకాయ అంటే మేము సొరకాయ అనేది. ఒక్క దీర్ఘం తేడా. ఆ తేడా తెలియకపోవడం వల్లే నాకు నిడదవోలు వరలక్ష్మిగారు పరిచయమయ్యారు.

పెరట్లోనో మిద్దెమీదో కూరగాయలు పండించుకునేవాళ్ళం కొందరం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరి దగ్గర ఏ విత్తనం ఎక్కువుంటే అది చెబుతాం. కావలసినవాళ్ళకు పోస్టులో పంపి, వాళ్ళ దగ్గరున్నది తెప్పించుకుంటాం. నేను బట్టలు కుడతాను కాబట్టి మిగిలిన గుడ్డముక్కలతో చిన్న చిన్న సంచులు కుట్టి వాటిలో వేసి పంపడం నా అలవాటు. ఒకసారి అనప విత్తనాలున్నాయని పెడితే వరలక్ష్మిగారు అడిగారు. పంపాను. అందిన రోజే ఫోన్ చేశారు.

"ఏంటండీ రెడ్డెమ్మగారూ, ఆనప గింజలని చెప్పి చిక్కుడు గింజలు పంపారు?"

"అనపలే కదమ్మా అవి!" అన్నాను నేను.

ఇద్దరికీ విషయం అర్థమయ్యేసరికి నవ్వలేక కడుపునొప్పి వచ్చింది. అప్పటినుంచి రెండేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం గానీ ఒకరినొకరం చూసుకోలేదు. ఈ ఏడాది మాఘమాసంలో ఒక ఆదివారం గ్రూపువాళ్ళందరం రాజమండ్రిలో కలిసి విత్తనాలు మార్చుకుందామని అనుకున్నప్పుడు ఆవిడ నన్ను ముందే రమ్మన్నారు. "మా ఇంట్లో దిగండి. బిందె ఆనపకాయ ఒకటి విత్తనానికి వదిలాను. మీ చేత్తోనే కోసుకుందురుగాని" అన్నారు.

నిడదవోలు

రైలు దిగగానే గుర్తుపట్టాను. ఫోటోలో కంటే సన్నగా, పొట్టిగా ఉన్నారు. పక్కనే ఆవిడ భర్త సుబ్బారావుగారు నా సంచి అందుకున్నారు. బజారులో వాళ్ళకు కిరాణా కొట్టుంది. దారంతా ఆయన ప్రయాణం ఎలా జరిగిందని అడుగుతూనే ఉన్నారు. ఆవిడ మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఫోన్లో గంటలకొద్దీ కబుర్లు చెప్పే మనిషి ఇలా ఉన్నారేంటా అని నాలో నేను అనుకున్నాను.

ఇంటికి వెళ్ళాక తెలిసింది. వాళ్ళ గోడ పక్కన ఖాళీ స్థలముంది. దాని యజమాని అనుమతితో ఆవిడ అందులో పందిరి వేసుకున్నారు. ఉగాది వెళ్ళాక ఇల్లు కడతానన్న ఆయనకు ముహూర్తం ముందే కుదిరింది. నేను వచ్చే ముందు రోజు పొక్లెయిన్ వచ్చి స్థలమంతా చదును చేసేసింది. ఆవిడ కొట్టునుంచి వచ్చేసరికి పందిరి రాటలు, ఆనపపాదు, కాయ అన్నీ ఒక మూల మట్టికుప్పలో ఉన్నాయి.

"కాయ దొరికిందండి. చితికిపోయింది. అనుకున్నట్టు ముదరలేదు, లోపల గింజ ఇంకా పాల మీదే ఉంది" అన్నారు.

"పోయినేటి విత్తనం లేదా అమ్మా?"

"తుఫానుకి అటక కురిసింది. డబ్బాలో నీళ్ళు. అంతా బూజు."

ఆ ఆనప అంగళ్ళలో దొరికేది కాదు. అడుగు బిందెలా గుండ్రంగా ఉండి, పైన సన్నటి మెడ ఉంటుందట. వరలక్ష్మిగారు కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ అత్తగారు ఇచ్చిన గింజలు. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ చేతి వస్తువు ఇంకేదీ ఆ ఇంట్లో వాడకంలో లేదు, ఈ పాదు తప్ప.

మధ్యాహ్నం కందబచ్చలి కూర వడ్డించారు. ఆవ పెట్టిన ఘాటు ముక్కుకెక్కి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. మేము రాగిసంగటి తినేవాళ్ళం; వీళ్ళింట్లో అన్నం తర్వాత మళ్ళీ అన్నమే. వద్దంటే వినరు, "కొంచెమేనండి" అంటూ గరిటెడు వేస్తారు. అంత దుఃఖంలోనూ ఆవిడ నా విస్తరి వంక చూడటం మానలేదు.

సాయంత్రం తను గింజలిచ్చినవాళ్ళందరికీ ఫోన్ చేశారు. ఒకరు ఇల్లు మారారు. ఒకరి పాదుకు తెగులు పట్టింది. ఒకావిడ కాయలన్నీ లేతగానే కోసి పాలుపోసి వండుకున్నానని చెప్పింది. చివరికి పాలకొల్లులో ఉన్న చెల్లెలు వరస భవాని, అంటే వాళ్ళ పిన్నిగారి అమ్మాయి, "ముదురు కాయలున్నాయక్కా, వచ్చెయ్యి" అంది.

పాలకొల్లు

బస్సు కిటికీలోంచి చూస్తుంటే ఆ నీళ్ళకు నాకు అసూయ పుట్టింది. రోడ్డుకు ఒక పక్క కాలువ, రెండో పక్క దాళ్వా వరి. దాళ్వా అంటే వీళ్ళు వేసే రెండో పంట. మా ఊళ్ళో బోరు వేసిన ఇంటిని వేలెత్తి చూపించి చెప్పుకుంటాం. ఇక్కడ ఇంటి వెనక మెట్లు దిగితే కాలువే.

బజారులో ముందు దిబ్బరొట్టె తినిపించారు. మినపపిండి, బియ్యపురవ్వ కలిపి మందంగా కాల్చిన రొట్టె. పైన ఎర్రగా పెళుసుగా, లోపల మెత్తగా ఉంటుంది. చెరుకుపానకంలో ముంచుకు తినమన్నారు. నేను కారప్పొడి అడిగితే హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, "మీది ఏ ఊరండి?" అన్నారు. చెప్పాను. "అయితే సరేనండి" అని పెద్ద గిన్నె నిండా కారప్పొడి తెచ్చిపెట్టారు.

భవాని డాబా వెనక పందిరి కింద నాలుగు కాయలు వేలాడుతున్నాయి. ముదిరి, తెల్లబడి, ఎండుతున్న కాయలు. వరలక్ష్మిగారు వాటి దగ్గరకు వెళ్ళి, చేత్తో తడిమి, ఒక అడుగు వెనక్కు వేశారు.

మెడ ఉంది. కానీ కింద బిందె లేదు. అంగడి సొరకాయలా కిందికి సాగిపోయింది.

"పోయినేడు ఇదే పందిరికి అంగడి విత్తనం కూడా ఎక్కించావా భవానీ?"

"ఎక్కించానక్కా. ఏం? పొడుగు కాయ బాగా కాస్తుంది కదా అని."

"పుప్పొడి కలిసిపోయిందే. ఇది అదీ కాదు, ఇదీ కాదు."

పాపం, భవాని ముఖం చిన్నబోయింది. "తెలీదక్కా" అంది. వరలక్ష్మిగారు వెంటనే ఆమె భుజమ్మీద చెయ్యివేసి, "నీ తప్పేముందే, నేను చెప్పాలి కదా" అన్నారు. కాఫీలయ్యాయి. మేము లేవబోతుండగా భవాని కాస్త జంకుతూ అంది. "యానాంలో మీ వదినగారి దగ్గర తప్పకుండా ఉంటుంది కదక్కా. వాళ్ళ అమ్మగారి విత్తనమే కదా."

వరలక్ష్మిగారు చెప్పులు వేసుకుంటూ, "ఉంటుందేమో" అని మాత్రం అన్నారు.

బస్టాండులో కూర్చున్నాక విషయం చెప్పారు. యానాంలో ఉన్నది సుబ్బారావుగారి అక్క సత్యవతిగారు. కొడుకు రాజాకు వరలక్ష్మిగారి అమ్మాయి సుజాతను అడిగారు. మేనరికం. సుజాత చేసుకోనంది, తనతో చదువుకున్న అబ్బాయిని చేసుకుని కాకినాడలో ఉంది. అప్పటినుంచి రెండిళ్ళకూ రాకపోకల్లేవు. ఆరేళ్ళయింది.

"వెళ్దామంటారా?" అని నన్నడిగారు.

ఏం చెప్పను? ఊరు కాని ఊరు, వాళ్ళ ఇంటి సంగతి. "మీ ఇంటాయన్ని అడగండి" అన్నాను. ఫోన్ చేశారు. సుబ్బారావుగారి గొంతు నాకూ వినిపించింది. "నన్నడక్కు లక్ష్మీ. వెళ్తే మాత్రం వట్టి చేతుల్తో వెళ్ళకు."

ఆ రాత్రి భవాని ఇంట్లోనే పడుకుని, పొద్దున్నే పళ్ళూ పూలూ కొనుక్కుని బయల్దేరాం.

చించినాడ వంతెన దాటి

చించినాడ దగ్గర గోదావరి మీదుగా బస్సు వెళ్తుంటే నేను లేచి నిలబడిపోయాను. మా బాహుదా ఏరు ఎండాకాలమయితే ఇసుక, వానొస్తే నాలుగు రోజుల వరద. ఇది నదిలో ఒక పాయ మాత్రమేనట! "అసలు నది ఎంతుంటుంది?" అని పక్కసీటాయన్ని అడిగాను. "ఇదీ అసలేనండి" అన్నారాయన కాస్త చిన్నబుచ్చుకున్నట్టుగా.

అమలాపురంలో బస్సు ఆగితే కొబ్బరిబొండానికి దిగాను. నలభై రూపాయలు, మా ఊళ్ళో కంటే తక్కువేమీ కాదు. ఇన్ని చెట్ల మధ్య అంతెందుకని బేరమాడుతుంటే వెనక బస్సు కదిలింది. బొండం చేత్తో పట్టుకుని పరిగెత్తాను. లోపలినుంచి వరలక్ష్మిగారి గొంతు, ఆ వెనకే బస్సంతా కలిసి, "ఆపండి, ఆపండి, ఆవిడెక్కలేదు!" ఎక్కాక చూస్తే చీరంతా కొబ్బరినీళ్ళు. అప్పటిదాకా బిగుసుకుపోయి కూర్చున్న వరలక్ష్మిగారు నవ్వడం మొదలుపెట్టి ముమ్మిడివరం దాకా ఆపలేదు. ఆ తర్వాత ఒళ్ళో పూలపొట్లం విప్పి, కట్టి, విప్పి, కట్టి.

యానాం

వంతెన దాటగానే రాష్ట్రం మారుతుంది. బోర్డుల మీద పుదుచ్చేరి పేరు, వరసగా మందు దుకాణాలు. మాట మాత్రం అదే తెలుగు, అదే "అండి".

సత్యవతిగారి ఇల్లు నదికి దగ్గరగా ఒక సందులో ఉంది. తలుపు తీసింది ఆవిడే. పొడుగ్గా, నిటారుగా ఉన్నారు. వరలక్ష్మిగారిని చూసి రెండు క్షణాలు అలాగే నిలబడి, వెనక్కు తిరిగి, "దివ్యా, ఎవరో వచ్చారు చూడు" అని లోపలికి వెళ్ళిపోయారు.

వెళ్ళిపోదామా అన్నట్టు వరలక్ష్మిగారు నా వైపు చూశారు. అంతలో ఒక అమ్మాయి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. రాజా భార్య దివ్య. ఈవిడెవరో తెలియగానే ఆ అమ్మాయి ముఖం వికసించింది. "అత్తయ్యగారా! రండి, లోపలికి రండి" అని చేతిలో సంచి అందుకుంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. వరలక్ష్మిగారు తలెత్తలేక, "అబ్బాయి బావున్నాడామ్మా? మావల్ల..." అని ఏదో అనబోయారు.

"అయ్యో, అదేంటండీ" అంది దివ్య. "సుజాతగారు కాదనబట్టే కదండీ నాకీ ఇల్లు దొరికింది. ఆయనా అదే అంటారు. ఈసారి వచ్చేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకురండి."

ఆరేళ్ళు రెండిళ్ళవాళ్ళు మోసిన బరువును ఆ పిల్ల మంచినీళ్ళ గ్లాసందిస్తూ దించేసింది.

వంటింటి గడపలో సత్యవతిగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో మేము చూడలేదు.

"నా కోసం వచ్చావా, ఆనప కోసం వచ్చావా?" అన్నారు. భవాని ముందే ఫోన్ చేసి చెప్పేసిందని తర్వాత తెలిసింది.

వరలక్ష్మిగారు లేచి నిలబడ్డారు. "ఆనప కోసమేనండి వదినగారూ. అది పోయి ఉండకపోతే ఈ గుమ్మం ఎక్కడానికి నాకు ధైర్యముండేది కాదు."

"అబద్ధమాడితే వెళ్ళిపొమ్మందును" అన్నారు సత్యవతిగారు. వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "పిల్ల కాదంది. సరే, దాని ఇష్టం. అదీ తప్పు కాదు. కానీ ఆ మాట నాకెవరు చెప్పారు? పెళ్ళిళ్ళ పేరయ్య. నా పుట్టింటి సంగతి పరాయివాడి నోట విన్నాను. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే, వదినా ఇదీ సంగతి అని..."

"భయమేసిందండి."

"నన్ను చూసా?"

"మిమ్మల్ని చూసేనండి."

"మా తమ్ముడూ రాలేదు" అన్నారు సత్యవతిగారు మెల్లగా. "వాడికీ భయమే కాబోలు." తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, వంటింట్లో కొక్కేనికి వేలాడుతున్న కాయ తెచ్చారు.

అప్పుడు చూశాను బిందె ఆనపని. నిజంగానే చిన్న బిందె. ఎండి, కర్రలా గట్టిపడి, గోధుమరంగు తిరిగింది. ఊపితే గలగలమంది. ఈ ఏడు వానలకు పూత రాలిపోయి, విత్తనానికి నిలిచింది ఈ ఒక్క కాయేనట. ఆవిడ దాన్ని గుమ్మం మీద పెట్టి పచ్చడిబండతో ఒక్క దెబ్బ కొట్టారు. పెంకు రెండుగా విడిపోయింది. లోపల ఎండిన పీచు, అందులో గింజలు. సగం నల్లబడి ఉన్నాయి. ముగ్గురమూ ఒకేసారి ముందుకు వంగాం. మంచివి ఒక పక్కకు, పాడైనవి ఒక పక్కకు వేరుచేస్తుంటే మంచివాటి కుప్ప కాస్త కాస్తగా పెరిగింది. వరలక్ష్మిగారు అప్పుడు ఊపిరి వదిలారు.

సత్యవతిగారు కుప్పను మూడు వాటాలు చేశారు. ఒకటి తనకు, ఒకటి మరదలికి, మూడోది నాకు.

"నాకెందుకమ్మా? మీకే తక్కువున్నాయి" అన్నాను.

"మా ఇద్దరిళ్ళూ గోదావరి పక్కనే ఉన్నాయి. తుఫానొస్తే ఇద్దరికీ ఒకేసారి పోతుంది. మీ ఊళ్ళో ఒకటి ఉంటే మంచిది" అన్నారావిడ.

నేను తెచ్చిన అనపగింజల సంచి ఒకటి ఆవిడకిచ్చాను. పప్పు ఎలా చేయాలో చెప్పాను. మధ్యాహ్నం ఎండురొయ్యలు వేసి, బజారులో కొన్న లేత ఆనపకాయ కూర వండారు. మా మిట్టప్రాంతంలో రొయ్య అంటే బొమ్మలో చూడటమే. భయపడుతూ ఒక ముద్ద తిన్నాను. తర్వాత అడిగి వేయించుకున్నాను.

తినేటప్పుడు వదినామరదళ్ళకు వాదన వచ్చింది. గింజను రాత్రంతా పాలల్లో నానబెట్టాకే పెట్టాలని సత్యవతిగారు. పొడి గింజే పెట్టి పైన బూడిద చల్లాలని వరలక్ష్మిగారు. "మా అమ్మ నానబెట్టేది" అని ఒకరు, "అత్తగారు నాకు చూపించింది ఇలాగేనండి" అని ఒకరు. దివ్య నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

"ఆదివారం రాజమండ్రి రండి వదినగారూ" అన్నారు వరలక్ష్మిగారు వెళ్ళేముందు.

"నాకు కుదరదులే" అన్నారావిడ.

ఊరు దాటుతుంటే చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి సంచులు వెతికారు. యానాంలో మందు చవకని కొనుక్కెళ్ళేవాళ్ళుంటారట. కానిస్టేబులు నా సంచి పట్టుకుంటే గలగలమంది. "ఏంటండీ ఇది?" అన్నాడు. గుడ్డసంచులన్నీ ఒక్కొక్కటీ విప్పించాడు. అనపలు, మిరప, టమోటా, ఆనప. చివరికి, "మా అమ్మకి మొక్కల పిచ్చండి. నాలుగు మిరప గింజలుంటే ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. బస్సంతా ఎదురుచూసింది.

రాజమండ్రి

ఒక కల్యాణమండపం మేడమీద చాపలు పరిచారు. ఎవరి ముందు వాళ్ళ గింజలు. సీసాల్లో, కాగితం పొట్లాల్లో, పిడకల్లో అద్ది ఎండబెట్టినవి కూడా. డబ్బు ముట్టుకోకూడదన్నది ఒక్కటే నియమం. మా ఊళ్ళో ఇంటి విత్తనం ఇచ్చేటప్పుడు కొంగులో పోస్తాం. ఇక్కడ చేతికివ్వకుండా చాటలో పెట్టి ఇచ్చినవాళ్ళను చూశాను. నా అనపలు గంటలో అయిపోయాయి. అడిగిన ప్రతివాళ్ళకూ "ఇవి ఆనపలు కాదండి, అనపలు" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

వరలక్ష్మిగారు తన వాటాలో సగం చాటలో పోసి ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరడిగినా ఇచ్చేస్తున్నారు. అప్పుడు మెట్ల దగ్గర దివ్య కనిపించింది, ఆ వెనక ఆయాసపడుతూ సత్యవతిగారు. సరాసరి వచ్చి మరదలి పక్కన చాప మీద చతికిలబడ్డారు.

"అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తావేంటి? పందిరుందో లేదో కనుక్కో ముందు" అన్నారు పలకరింపుగా.

వరలక్ష్మిగారు జరిగి చోటిచ్చారు. గింజలున్న చాటను ఆవిడ ఒళ్ళోకి నెట్టారు. ఆ తర్వాత ఆనప అడగడానికి వచ్చినవాళ్ళందరూ సత్యవతిగారి ప్రశ్నలకు జవాబులు చెప్పి గానీ వెళ్ళలేకపోయారు. పందిరి ఎంత ఎత్తు? పక్కన వేరే ఆనప ఉందా? కోతులొస్తాయా? ఒకాయన జవాబులు సరిగ్గా చెప్పలేక గోంగూర గింజలు తీసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం సుబ్బారావుగారు మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చారు. అక్కను చూసి మెట్ల మీదే ఆగిపోయారు. సత్యవతిగారు పైనుంచి, "రారా, నేనేం కొరకను" అన్నారు. అందరం రోజ్‌మిల్క్ తాగాం. అక్కాతమ్ముళ్ళు పక్కపక్కన నిలబడి గ్లాసు అడుగుదాకా తాగారు. నేను రైలెక్కేటప్పుడు స్టేషనుకు నలుగురూ వచ్చారు.

మదనపల్లె

ఇంటికి వచ్చిన మరునాడే మిద్దెమీద రెండు తొట్లు సిద్ధం చేశాను. ఒకదానిలో పాలల్లో నానబెట్టిన గింజలు పెట్టాను. రెండోదానిలో పొడి గింజలు పెట్టి బూడిద చల్లాను. వారం పైన పట్టింది. మొదటి మొలక మన్నును నెత్తిమీద మోసుకుంటూ లేచిన రోజు నిడదవోలుకు ఫోన్ చేశాను.

ఎత్తింది సత్యవతిగారు. తమ్ముడింటికి వచ్చి నాలుగు రోజులయిందట. మొలక వచ్చిందన్న మాట వినగానే అరిచారు. "లక్ష్మీ, రా! రెడ్డెమ్మగారికి మొలిచింది!" ఫోన్ స్పీకర్లో పెట్టినట్టున్నారు, పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు వినిపించింది.

"ఏ తొట్టిలోదండీ? నానబెట్టిందా, బూడిద చల్లిందా?" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

మొలకున్న ఆ ఒక్క తొట్టీ నా కళ్ళెదుటే ఉంది. "రెండిట్లోనూ ఒకేసారి వచ్చాయమ్మా" అన్నాను.

"అలా ఎలా వస్తాయండీ?" అని వాళ్ళిద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.